కంప్యూటర్ సందేహాలు: కల్లం ఏది, గుమ్మి ఏది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే ఇబ్బందిని చెబుతున్నాయి. కంప్యూటర్‌లో చిన్న ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ఒకటి, దాని పక్కన పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి ఉంటున్నాయి. ఏది ఎక్కడ పెట్టాలో తెలియక చిన్నది గొంతు దాకా నిండిపోతోంది, పెద్దది సగానికి పైగా ఖాళీగా పడి ఉంటోంది. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను. సమాధానాలన్నీ విండోస్ 10, విండోస్ 11 వాడేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి.

ప్రశ్న: నేను హనుమకొండలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లి ఫొటోలు తీయడం, ఆల్బమ్ డిజైన్ చేయడం మా పని. ఏడాది క్రితం నా కంప్యూటర్‌కు 240 జీబీ ఎస్ఎస్‌డీ వేయించి అందులో విండోస్ ఎక్కించుకున్నాను. 2 టీబీ హార్డ్ డిస్క్ డీ డ్రైవ్‌గా ఉంది. ర్యామ్ 16 జీబీ. ఇప్పుడు సీ డ్రైవ్‌లో 3 జీబీ మాత్రమే మిగిలింది. ఫొటోషాప్ తెరవబోతే స్క్రాచ్ డిస్కులు నిండిపోయాయని చెప్పి మూసుకుపోతోంది. కొంత జాగా చేద్దామని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్న రెండు సాఫ్ట్‌వేర్ల ఫోల్డర్లను కట్ చేసి డీ డ్రైవ్‌లో పేస్ట్ చేస్తే, అవి కూడా తెరుచుకోవడం మానేశాయి. పైగా 240 జీబీ అని కొన్నది కంప్యూటర్‌లో 223 అనే చూపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: మొదట ఆ రెండు ఫోల్డర్లను డీ డ్రైవ్ నుంచి తీసి, ఇంతకుముందు ఎక్కడ ఏ పేరుతో ఉండేవో అక్కడే అదే పేరుతో తిరిగి పెట్టండి. మధ్యలో వాటిలోని ఫైళ్లను తొలగించకుండా ఉంటే మళ్లీ తెరుచుకునే అవకాశమే ఎక్కువ. తెరుచుకోకపోతే వాటిని అన్‌ఇన్‌స్టాల్ చేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడం తప్ప మరో దారి లేదు. ఫైలు వేరు, ప్రోగ్రామ్ వేరు. మీరు తీసిన ఫొటోను ఏ డ్రైవ్‌కు మార్చినా తెరుచుకుంటుంది. ప్రోగ్రామ్ మాత్రం ఇన్‌స్టాల్ అయ్యే సమయంలోనే తన చిరునామాను విండోస్ సెట్టింగుల పట్టిక అయిన రిజిస్ట్రీలో ఎన్నో చోట్ల రాయించుకుంటుంది. తనకు అవసరమైన కొన్ని ఫైళ్లను విండోస్ ఫోల్డర్‌లోనూ, లైసెన్సు వివరాలను ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లోనూ, మీరు చేసుకున్న సెట్టింగులను యాప్‌డేటా ఫోల్డర్‌లోనూ దాచుకుంటుంది. బోరు మోటారును విప్పి పక్క చేనులో పెట్టినంత మాత్రాన నీళ్లు రావు కదా, పైపులూ కరెంటు తీగలూ పాత చోటనే ఉంటాయి. ఇదీ అంతే. ప్రోగ్రామ్‌ను డీ డ్రైవ్‌లో ఉంచాలనుకుంటే దాన్ని తీసేసి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫోల్డర్ అడిగిన చోట డీ డ్రైవ్‌ను చూపించాలి. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి తెచ్చుకున్న యాప్‌లలో చాలావాటికి సెట్టింగ్స్‌లోని యాప్‌ల జాబితాలో మూవ్ అనే బటన్ ఉంటుంది. అక్కడి నుంచి మార్చితే విండోస్ స్వయంగా చిరునామాలను సరిచేస్తుంది.

ఫొటోషాప్‌ను తెరవడానికి ఒక ఉపాయం ఉంది. దాని గుర్తు మీద రెండుసార్లు నొక్కిన వెంటనే కంట్రోల్, ఆల్ట్ మీటలను కలిపి నొక్కి పట్టుకుంటే, స్క్రాచ్ డిస్కులు (ర్యామ్ చాలనప్పుడు ఫొటోషాప్ తాత్కాలికంగా వాడుకునే డిస్కులు) ఎంచుకునే పెట్టె ముందుగా తెరుచుకుంటుంది. అందులో మొదటి స్థానంలో ప్రస్తుతానికి డీ డ్రైవ్‌ను పెట్టి పని మొదలుపెట్టండి. సీ డ్రైవ్‌లో జాగా ఏర్పడ్డాక సీని మొదటి స్థానానికి, డీని రెండో స్థానానికి మార్చుకుంటే, ఎస్ఎస్‌డీ సరిపోనప్పుడు మాత్రమే మిగిలింది హార్డ్ డిస్క్‌కు పోతుంది. మీ పనికి స్క్రాచ్ ఎంత పడుతుందో ఒకసారి లెక్క వేసి చూపిస్తాను. 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు ఉన్న ఆల్బమ్ షీటును అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున తెరిస్తే అందులో 3,88,80,000 పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున ఒక్క పొరకే దాదాపు 111 ఎంబీ అవుతుంది. షీటు నిండా పరుచుకున్న పొరలు పది ఉంటే 1 జీబీ దాటిపోతుంది. దానికి తోడు వెనక్కి వెళ్లడానికి వీలుగా మీరు చివరగా చేసిన మార్పులను ఫొటోషాప్ గుర్తుపెట్టుకుంటుంది. అలాంటి షీట్లు ఐదారు ఒకేసారి తెరిచి ఉంచితే 3 జీబీ ఏ మూలకు సరిపోతుంది?

223 అని చూపించడంలో మోసమేమీ లేదు. తయారీదారులు 1 జీబీ అంటే 100 కోట్ల బైట్లని లెక్కిస్తారు. విండోస్ 1,024ను మూడుసార్లు హెచ్చించి 107 కోట్ల పైచిలుకు బైట్లను 1 జీబీ అంటుంది. మీ 2 టీబీ డిస్క్ కూడా అదే లెక్కన 1,863 జీబీ, అంటే 1.81 టీబీగా కనిపిస్తూ ఉంటుంది.

ఇక ఏది ఎక్కడ అన్న అసలు మాట. హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 120 సార్లు. కావలసిన చోటికి దాన్ని చదివే చేయి జరగడానికీ, ఆ చోటు చేయి కిందికి తిరిగి రావడానికీ కలిపి సగటున 12, 13 మిల్లీసెకన్లు పడుతుంది. వేర్వేరు చోట్ల చెదిరి ఉన్న వెయ్యి చిన్న ముక్కలను చదవాలంటే 12 సెకన్లు దాటుతుంది. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు కాబట్టి అదే వెయ్యి ముక్కలు సెకనులో పదో వంతు సమయంలో అందుతాయి. విండోస్ లేవడం, ఫొటోషాప్ తెరుచుకోవడం, ఫొటోలు సర్దే లైట్‌రూమ్‌లో చిన్న బొమ్మల వరుస కనిపించడం అన్నీ ఈ చిన్న ముక్కల పనే. కానీ ఒక పెద్ద వీడియోను మొదటి నుంచి చివరి దాకా వరుసగా చదవడంలో హార్డ్ డిస్క్‌కు పెద్ద ఇబ్బంది లేదు. సెకనుకు 100 మెగాబిట్ల నాణ్యతతో తీసిన పెళ్లి వీడియోకు సెకనుకు 12.5 ఎంబీ చాలు. మామూలు హార్డ్ డిస్క్ వరుస చదువులో 100 ఎంబీకి పైగానే ఇస్తుంది. ముగిసిపోయిన పెళ్లి వీడియో ఎస్ఎస్‌డీలో ఉన్నందువల్ల దానికి అదనంగా ఒరిగేదేమీ లేదు, మీకు జాగా నష్టం తప్ప.

మన ఊళ్లలో వడ్లు కొట్టే కల్లం ఒకటి, వాటిని దాచే గుమ్మి ఒకటి ఉండేవి. నిరుటి వడ్లను కల్లంలోనే కుప్పపోసి ఉంచితే ఈ ఏటి పంటకు చోటుండదు. ఎస్ఎస్‌డీ కల్లం, హార్డ్ డిస్క్ గుమ్మి. విండోస్, ప్రోగ్రాములు, ఈ వారం చేతిలో ఉన్న పెళ్లి, ఇవి కల్లంలో ఉండాలి. ఆల్బమ్ ప్రింటుకు వెళ్లిపోయిన రోజున ఆ ఫోల్డర్ మొత్తం గుమ్మికి చేరాలి. మీ లెక్కే చూద్దాం. విండోస్‌కూ దాని అప్‌డేట్లకూ 40 జీబీ, ప్రోగ్రాములకు మరో 40 జీబీ తీసేస్తే దాదాపు 140 మిగులుతుంది. అందులో 40 జీబీని ఎప్పుడూ ఖాళీగా వదలండి. ఎస్ఎస్‌డీ చిన్న చిన్న పేజీలుగా రాస్తుంది కానీ పెద్ద దిమ్మెలుగా మాత్రమే చెరపగలదు; ఖాళీ దిమ్మెలు లేనప్పుడు పాత సమాచారాన్ని అటూ ఇటూ సర్దుకుంటూ రాయాల్సి వచ్చి నెమ్మదిస్తుంది. పైగా విండోస్ పెద్ద అప్‌డేట్లకు చోటు కావాలి, స్క్రాచ్‌కూ కావాలి. మిగిలిన 100 జీబీలో, ఒక్కొక్కటి 25 ఎంబీ ఉండే రా ఫొటోలు (కెమెరా నేరుగా ఇచ్చే ముడి ఫొటోలు) 3,000 ఉన్న పెళ్లి ఒకటి, అంటే 75 జీబీ, హాయిగా పడుతుంది. రెండు పెళ్లిళ్లు పట్టవు. ముహూర్తాలు వరుసగా ఉన్న నెలల్లో రెండో పెళ్లిని కార్డు నుంచి నేరుగా డీ డ్రైవ్‌లోకి దించుకుని, దాని వంతు వచ్చినప్పుడు సీకి తెచ్చుకోండి. లైట్‌రూమ్ వాడుతుంటే కేటలాగ్, ప్రివ్యూలు సీ డ్రైవ్‌లో, పని ముగిసిన ఫొటోలు డీ డ్రైవ్‌లో ఉంచుకోవడం మీలాంటి స్టూడియోలకు నేను చూసినంతలో బాగా నప్పే పద్ధతి. అలా చేసేటప్పుడు ఫొటోలను బయటి నుంచి కాకుండా లైట్‌రూమ్ లోపలి ఫోల్డర్ల జాబితాలోనే లాగి మార్చండి. లేకపోతే అది ఫొటోలు కనిపించడం లేదని చెబుతుంది.

ఇదంతా రోజూ చేత్తో సర్దనక్కరలేకుండా విండోస్‌లోనే ఏర్పాటు ఉంది. డీ డ్రైవ్‌లో మొదట పిక్చర్స్, వీడియోస్, డౌన్‌లోడ్స్ అనే పేర్లతో మూడు వేర్వేరు ఫోల్డర్లు చేసుకోండి. ఆ తరువాత సీ డ్రైవ్‌లోని పిక్చర్స్ మీద మౌస్ కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ అనే పుటకు వెళ్లి, మూవ్ నొక్కి, డీలో చేసుకున్న పిక్చర్స్ ఫోల్డర్‌ను చూపించండి. ఉన్న ఫైళ్లను కూడా తరలించాలా అని అడిగితే అవునని చెప్పండి. మిగిలిన రెండింటికీ ఇదే పద్ధతి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: డీలో ఫోల్డర్ చేసుకోకుండా నేరుగా డీ డ్రైవ్‌నే చూపిస్తారు. అప్పుడు డ్రైవ్ మొత్తం పిక్చర్స్ ఫోల్డర్‌గా మారిపోతుంది, తిరిగి వెనక్కి తీసుకోవడం తలనొప్పిగా తయారవుతుంది. రెండు ఫోల్డర్లకు ఒకే చోటు చూపించడం కూడా అంతే చిక్కు.

ఇప్పటికిప్పుడు కొంత జాగా కావాలంటే, కంప్యూటర్ నిద్రపోయేటప్పుడు ర్యామ్‌లోనిది దాచే హైబర్నేషన్ ఫైలును తీసేయవచ్చు. అది మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది కాబట్టి మీ 16 జీబీకి 6.4 జీబీ అవుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి, పవర్ అనే ఇంగ్లిష్ మాటకు సి, ఎఫ్, జి అక్షరాలను అతికించి రాసి, ఒక ఖాళీ వదిలి, చిన్న అడ్డుగీత, దాని వెంటే హెచ్, మరో ఖాళీ, ఆఫ్ అని రాసి ఎంటర్ నొక్కితే ఆ ఫైలు పోతుంది. దానితోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది, కానీ ఎస్ఎస్‌డీ ఉన్న డెస్క్‌టాప్‌లో ఆ తేడా మీకు పెద్దగా తెలియదు. డిస్క్ క్లీనప్ నడిపి పాత అప్‌డేట్ల మిగులునూ తాత్కాలిక ఫైళ్లనూ తొలగించండి. విండోస్ ఫోల్డర్ లోపల విన్ఎస్ఎక్స్ఎస్ అనీ ఇన్‌స్టాలర్ అనీ రెండు పెద్ద ఫోల్డర్లు కనిపిస్తాయి. వాటిని చేత్తో ముట్టుకోవద్దు. మొదటిది తీసేస్తే విండోస్ దెబ్బతింటుంది, రెండోది తీసేస్తే సాఫ్ట్‌వేర్లను అప్‌డేట్ చేయడమూ అన్‌ఇన్‌స్టాల్ చేయడమూ కుదరదు.

ప్రశ్న: నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. లెక్కలన్నీ ట్యాలీలో ఉన్నాయి, డేటా మొత్తం 600 ఎంబీ. ఎస్ఎస్‌డీ మీద మాటిమాటికీ రాస్తే తొందరగా పాడవుతుందని తెలిసినవారు చెప్పడంతో డేటాను హార్డ్ డిస్క్‌కు మార్చాను, పేజ్ ఫైల్‌ను కూడా అక్కడికే మార్చాను. మిర్చి సీజన్‌లో తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకపు లెక్క చీటీలు) ఎక్కువై కంప్యూటర్ బాగా నెమ్మదిస్తోంది. ఎస్ఎస్‌డీని వారానికొకసారి డీఫ్రాగ్ చేయమని కూడా చెప్పారు. నిజమేనా?

జవాబు: ఎస్ఎస్‌డీ రాతకు పరిమితి ఉన్న మాట నిజమే, కానీ మీ పని ఆ పరిమితి దరిదాపులకు కూడా పోదు. 240 జీబీ ఎస్ఎస్‌డీకి 80 టీబీ రాత దాకా పూచీ ఇచ్చే తయారీదారులు ఉన్నారు. రోజుకు 20 జీబీ రాసినా అంత రాయడానికి 4,000 రోజులు, అంటే దాదాపు 11 సంవత్సరాలు పడుతుంది. మీ ట్యాలీ డేటా మొత్తమే 600 ఎంబీ; మిర్చి బస్తాలు పోటెత్తిన రోజున కూడా మీరు కొత్తగా రాసేది అందులో చాలా చిన్న భాగం. లెక్కల డేటా అంటే చెదిరి ఉన్న చిన్న చిన్న ముక్కలను చదవడం, రాయడం. పై సమాధానంలో చెప్పినట్లు ఎస్ఎస్‌డీ ఉపయోగపడేది సరిగ్గా అక్కడే. కాబట్టి దుకాణం మూసే వేళ బ్యాకప్ తీసుకుని, ట్యాలీని పూర్తిగా మూసి, డేటా ఫోల్డర్‌ను సీ డ్రైవ్‌లోకి కాపీ చేసి, ట్యాలీలో డేటా మార్గాన్ని కొత్త చోటుకు మార్చండి. రెండు మూడు రోజులు సరిగ్గా నడిచిందని రూఢి చేసుకున్నాక హార్డ్ డిస్క్‌లోని పాత ఫోల్డర్ పేరు మార్చండి. రెండు చోట్లా ఒకే పేరుతో ఉంటే ఏదో ఒక రోజు పొరపాటున పాతదాన్ని తెరిచి తక్‌పట్టీలు అందులో ఎక్కించే ప్రమాదం ఉంది, అది కనుక్కునేసరికి రైతుల లెక్కలు రెండు ముక్కలై ఉంటాయి.

పేజ్ ఫైల్‌ను తిరిగి సీ డ్రైవ్‌లోనే, విండోస్ నిర్ణయానికే వదిలేయండి. ర్యామ్ చాలనప్పుడు విండోస్ ఆశ్రయించేది దాన్నే. అది హార్డ్ డిస్క్‌లో ఉంటే అలాంటప్పుడు కంప్యూటర్ మొత్తం దాని వేగంతోనే నడుస్తుంది. డీఫ్రాగ్ అవసరం లేదు. హార్డ్ డిస్క్‌లో ముక్కలను పక్కపక్కన చేరిస్తే చేయి జరిగే శ్రమ తగ్గుతుంది, ఎస్ఎస్‌డీలో జరిగే చేయే లేదు. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచీ, ఖాళీ అయిన చోట్లను ఎస్ఎస్‌డీకి తెలియజేసే ట్రిమ్ అనే ఏర్పాటు ఉంది. ఇప్పటి విండోస్‌లో అది దానంతట అదే జరుగుతుంది.

మీరు నిజంగా భయపడవలసింది రాసే మధ్యలో కరెంటు పోవడం గురించి. ఎస్ఎస్‌డీ అయినా హార్డ్ డిస్క్ అయినా అలా పోతే ట్యాలీ డేటా చెడిపోవచ్చు. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తోందో సీజన్ మొదలుకాకముందే చూసుకోండి. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, వై మీటలు కలిపి నొక్కితే బ్యాకప్ కనిపిస్తుంది. ప్రతి సాయంత్రం దాన్ని హార్డ్ డిస్క్‌లోకి తీసి, మరో ప్రతిని పెన్ డ్రైవ్‌లో ఇంటికి తీసుకుపోండి.

ప్రశ్న: జగిత్యాలలో డీటీపీ సెంటర్ ఉంది. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు చేస్తాను. ఇప్పుడున్న 500 జీబీ హార్డ్ డిస్క్‌లోనే సీ, డీ రెండూ ఉన్నాయి. కొత్తగా 256 జీబీ ఎస్ఎస్‌డీ వేయించుకుని విండోస్ మళ్లీ ఎక్కించుకోవాలనుకుంటున్నాను. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మీ పనిలో అందరూ మరిచిపోయేవి ఫాంట్లు. అవి మీ డీ డ్రైవ్‌లో కాక సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో ఉంటాయి. అను ఫాంట్లు యూనికోడ్‌వి కావు కాబట్టి ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాల వరుస కనిపిస్తుంది. అందువల్ల ఫాంట్ల ఫోల్డర్‌ను, అను సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ ఫైళ్లను, లైసెన్సు వివరాలను ముందే బయటి డిస్క్‌లో భద్రపరచండి. పేజ్‌మేకర్ 7 2001 నాటిది, దాని సీడీ గాని సెటప్ ఫోల్డర్ గాని మీ దగ్గర ఉందో లేదో ఇప్పుడే వెతుక్కోండి. పాత సీ డ్రైవ్‌లోని ప్రోగ్రామ్‌ను కొత్త విండోస్ గుర్తించదు.

విండోస్ ఎక్కించే సమయంలో హార్డ్ డిస్క్ కేబుల్‌ను తప్పనిసరిగా పీకించండి. రెండు డిస్కులూ తగిలించి ఉంటే, కంప్యూటర్‌ను లేపే చిన్న భాగాన్ని విండోస్ సెటప్ ఒక్కోసారి పాత హార్డ్ డిస్క్‌లోనే ఉంచేస్తుంది. పైకి అంతా బాగానే నడుస్తుంది. రెండేళ్ల తరువాత ఆ హార్డ్ డిస్క్ పాడై తీసేసిన రోజున, ఎస్ఎస్‌డీ నిక్షేపంగా ఉన్నా కంప్యూటర్ లేవదు. ఎక్కించడం పూర్తయ్యాక కేబుల్ తగిలించి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి, ఇంతకుముందు డీగా ఉన్న భాగానికి మళ్లీ డీ అక్షరమే ఇవ్వండి. పేజ్‌మేకర్ ఫైలులో పెట్టిన బొమ్మలు పూర్తి చిరునామాతో ముడిపడి ఉంటాయి. డీ అక్షరం కాస్తా ఈ (E) అయిపోతే, ఏళ్ల తరబడి చేసిన శుభలేఖల్లో బొమ్మలు ఎక్కడున్నాయని ఒక్కో ఫైలు తెరిచినప్పుడల్లా అది మిమ్మల్ని అడుగుతూనే ఉంటుంది. పాత సీ భాగాన్ని వెంటనే ఫార్మాట్ చేయకండి. డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో మరిచిపోయినవి ఒక్కొక్కటే గుర్తుకు వస్తాయి, నెల రోజులు ఆగండి.

ఫాంట్లు, ప్రోగ్రాములు, నడుస్తున్న పనులు ఎస్ఎస్‌డీలో. ఇచ్చేసిన పనులు ఏడాది పేరుతో డీలో. డీటీపీ ఫైళ్లు చిన్నవి కాబట్టి ఫొటో స్టూడియోవారికి ఉన్నంత ఒత్తిడి మీకు ఉండదు.

ప్రశ్న: కాజీపేటలో ఉంటూ ఇంజినీరింగ్ చదువుతున్నాను. నా ల్యాప్‌టాప్‌లో 256 జీబీ ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంది. కొన్నచోట దాన్ని సీ 80 జీబీ, డీ మిగిలినదిగా విడగొట్టి ఇచ్చారు. సీ నిండిపోయింది, డీలో 120 జీబీ ఖాళీగా ఉంది.

జవాబు: ఒకే చిన్న ఎస్ఎస్‌డీని రెండుగా కోయడం వల్ల లాభమేమీ లేదని నా గట్టి అభిప్రాయం. విండోస్ చెడితే డీలోని ఫైళ్లు దక్కుతాయన్న ఆలోచనతో అలా చేస్తారు, కానీ డిస్కే పాడైతే రెండూ కలిసే పోతాయి. డీలో ఉన్నదంతా బయటి డిస్క్‌కు కాపీ చేసి, కాపీ తెరుచుకుంటోందని చూసి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డీని తొలగించి, సీ మీద ఎక్స్‌టెండ్ నొక్కండి. ఖాళీ భాగం సీకి కుడి పక్కనే ఆనుకుని ఉంటేనే ఆ ఎంపిక పనిచేస్తుంది; మధ్యలో రికవరీ భాగం అడ్డుంటే మీరు సొంతంగా తొలగించకుండా తెలిసినవారి సాయం తీసుకోండి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ముందుగా దాని రికవరీ కీని రాసి పెట్టుకోవాలి. ఆ తరువాత సినిమాలు, లెక్చర్ వీడియోలు బయటి హార్డ్ డిస్క్‌లో ఉంచుకోండి, కానీ ప్రోగ్రాములను అందులో ఇన్‌స్టాల్ చేయవద్దు. దాని అక్షరం మారినా, అది తగిలించకపోయినా అవి తెరుచుకోవు.

ప్రశ్న: భూపాలపల్లి జిల్లాలో ఉపాధ్యాయురాలిని. సీ డ్రైవ్‌లో ఏమీ పెట్టకపోయినా నిండిపోతోంది. పాఠాల వీడియోలన్నీ డెస్క్‌టాప్ మీదే ఉంచుతాను.

జవాబు: అమ్మా, డెస్క్‌టాప్ ఉన్నదే సీ డ్రైవ్‌లో. తెర మీద కనిపించేవన్నీ నిజానికి మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో కూర్చున్నాయి. వీడియోలను డీ డ్రైవ్‌లో తరగతులవారీ ఫోల్డర్లలోకి మార్చి, డెస్క్‌టాప్ మీద వాటి షార్ట్‌కట్లు మాత్రమే ఉంచుకోండి. చూడటానికి తేడా ఉండదు. డెస్క్‌టాప్ ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు వన్‌డ్రైవ్ నడుస్తోందేమో కూడా చూడండి. దాని ఉచిత చోటు 5 జీబీ మాత్రమే, మీ వీడియోలకు అది చాలదు.

ప్రశ్న: సింగరేణిలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను, గోదావరిఖనిలో ఉంటాను. ఇంటి ఫొటోలు, పిల్లల పెళ్లి వీడియోలు సీలో ఒక ప్రతి, డీలో ఒక ప్రతి ఉంచాను. రెండు వేర్వేరు డిస్కులు కాబట్టి భయం లేదనుకోవచ్చా? పాత ఎస్ఎస్‌డీ ఒకటి ఖాళీగా ఉంది, అందులో ఇంకో ప్రతి నింపి బీరువాలో పెట్టాలనుకుంటున్నాను.

జవాబు: ఒక డిస్క్ పాడైతే రెండోది కాపాడుతుంది, అంతవరకు మీ ఏర్పాటు మంచిదే. కానీ రెండూ ఒకే పెట్టెలో, ఒకే కరెంటు మీద ఉన్నాయి. పిడుగు, వైరస్, దొంగతనం వంటివి రెండింటినీ ఒకేసారి తీసుకుపోతాయి. మా అమ్మ పాడిన బతుకమ్మ పాటలను నేను ఒకే హార్డ్ డిస్క్‌లో దాచుకున్నాను. ఒక వేసవి రాత్రి కరెంటు నాలుగైదుసార్లు వచ్చిపోయింది. తెల్లవారి డిస్క్ టక్ టక్ మని శబ్దం చేసి ఆగిపోయింది. ఎంతమందికి చూపించినా ఫలితం లేకపోయింది. అప్పటికే అమ్మ లేదు. ఇప్పుడు ఆ పాటల్లో రెండే మిగిలాయి, అవీ మా చెల్లెలు తన ఫోన్‌లోకి అడిగి తీసుకున్నందువల్ల. అందుకే ఈ ప్రశ్నకు కొంచెం గట్టిగా సమాధానం చెబుతున్నాను: మూడో ప్రతి ఒకటి మీ ఇంటి బయట ఉండి తీరాలి.

అయితే ఆ ప్రతికి పాత ఎస్ఎస్‌డీ పనికిరాదు. ఎస్ఎస్‌డీ సమాచారాన్ని అతి చిన్న గదుల్లో బంధించిన విద్యుదావేశంగా దాస్తుంది, కరెంటు లేకుండా ఉంచితే అది మెల్లగా కారిపోతుంది. రాత పరిమితి పూర్తయిన మామూలు ఎస్ఎస్‌డీ 30 డిగ్రీల వేడిలో కరెంటు లేకుండా కనీసం ఒక సంవత్సరం సమాచారాన్ని నిలుపుకోవాలన్నది చిప్‌ల పరిశ్రమకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం. కొత్తవి అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుపుతాయి, కానీ వాడి వాడి పక్కన పెట్టినదాన్ని నమ్మలేం. వేడి పెరిగిన కొద్దీ ఆ గడువు తగ్గుతుంది, రామగుండం ఎండలు మీకు తెలియనివి కావు. ఆ పని బయటి హార్డ్ డిస్క్‌కు అప్పగించండి. వీలైతే అలాంటివి రెండు కొని, ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఊళ్లో ఉన్న పిల్లల ఇంట్లో ఉంచండి. సంక్రాంతికీ బతుకమ్మకూ వాళ్లు ఇంటికి వచ్చినప్పుడు రెండూ మార్చుకుంటే అక్కడి ప్రతి తొమ్మిది, పది నెలలకు మించి పాతబడదు. ఇచ్చి పంపే ముందు అందులోని నాలుగైదు ఫొటోలు, ఒక వీడియో చివరి నిమిషం తెరిచి చూడండి.